పొరుగువారి పెరడు

గ్రామ తగవులను విచారించు పెద్దలకు ఒక సంగతి విదితమే. పొలముగట్టు తగవునకు కొలతగొలుసు కలదు. అప్పు తగవునకు పత్రము కలదు. కాని ప్రక్కయింటివారి పెరడు చెత్తతోను ముండ్లపొదలతోను నిండినదని వచ్చు తగవునకు కొలతయు లేదు, పత్రమును లేదు. ఒకరు “నా దొడ్డి, నా యిష్టము” అందురు. రెండవవారు “నీ దొడ్డిలోని పాము నా వాకిటికి వచ్చుచున్నది” అందురు. ఇరువురి మాటలోను కొంత న్యాయము కలదు. పొరుగువారి పెరడు బాగులేనపుడు మనము కలుగజేసికొనవచ్చునా, చేసికొనవచ్చునేని ఎంతవరకు, ఏ విధముగా, అను విషయమును నేడు విచారింతము.

ముందుగా రెండు సంగతులను వేరుచేసికొనవలయును. కంటికి నచ్చనిది వేరు, ఒంటికి చేటు చేయునది వేరు. పొరుగు పెరటినుండి ఏది గోడ దాటి మనయింటికి వచ్చుచున్నదో అదియే మన విచారమునకు పాత్రము. గోడ దాటనిది ఎంత వికారముగా నున్నను అది యజమాని యిష్టము. ఫిర్యాదుతో వచ్చినవారిని పెద్దలు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే: “అయ్యా, గోడ దాటి నీకు వచ్చినదేమి?”

కంటికి నచ్చనిదెల్ల చెడ్డది కాదు. వినాయకచవితినాడు మనము 21 విధముల పత్రితో పూజ చేయుదుము. అందు గరిక, ఉత్తరేణి, ఉమ్మెత్త, ములక కలవు. తక్కిన దినములలో వీనినే పిచ్చిమొక్కలని త్రోసివేయుదుము. తిప్పతీగ, తుమ్మి, గలిజేరు, నేలయుసిరి మొదలగునవియు అట్టివే. నాటువైద్యులు వీనికొరకు పెరళ్లు వెదకుదురు. ఉమ్మెత్త విషము గనుక పిల్లలు తిరుగుచోట ఉండరాదు. అంతియేగాని ఆకులు గుబురుగా పెరిగినంతమాత్రమున దోషము లేదు. అమెరికాదేశమున పెక్కు పట్టణములలో ఇంటిముందరి పచ్చిక నిర్ణీతమైన ఎత్తునకు మించి పెరిగినచో పురపాలకులు నోటీసునిచ్చి జుల్మానా వేయుదురు. అచ్చట కాపురమున్న మన పిల్లలకు ఈ సంగతి తెలియును. అక్కడి పచ్చిక ప్రధానముగా చూపునకు పెంచునది. మన పెరడో, గడ్డివామికి, పశువులకు, వంటచెరకునకు, కూరపాదులకు ఏర్పడినది. ఆ కొలత ఇచ్చట పొసగదు.

ఇక గోడ దాటి వచ్చునవి ముఖ్యముగా మూడు. మొదటిది దోమ. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన, మన సికింద్రాబాదులోనే, రొనాల్డ్ రాస్ అను సైనికవైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ దినమునుండి పొరుగింటి నీటిగుంట పొరుగువారి సొంత వ్యవహారము కాకపోయెను. డెంగీజ్వరమును తెచ్చు దోమ మురుగునీటికన్న మంచినీటిలోనే గ్రుడ్లు పెట్టును, పగటివేళ కుట్టును. కొబ్బరిచిప్ప, పగిలిన కుండ, పాత టైరు, వాడని రోలు, వీనిలో నిలిచిన చారెడు వాననీరు దానికి చాలును. గ్రుడ్డు దోమయగుటకు సుమారు 8 మొదలు 10 దినములు పట్టును. కావున వారమునకొకమారు ఆ నీటిని పారబోసినచో ఆ సంతతి నశించును. ఈ దోమ సాధారణముగా పుట్టినచోటినుండి కొన్ని వందల గజములకు మించి పోదు. అనగా మనలను కుట్టిన దోమ మన పెరటిలోనో, ఇరుగుపొరుగు పెరళ్లలోనో పుట్టినదని గ్రహింపవలయును.

రెండవది వయ్యారిభామ. ఇది అమెరికాఖండమునుండి వచ్చిన మొక్క. 1955 ప్రాంతమున పూనాలో కనబడి, పిదప దేశమంతట వ్యాపించెను. ఒక్కొక్క మొక్క వేలకొలది గింజల నిచ్చును. అవి గాలితోను నీటితోను పోవును గనుక గోడ వానికి అడ్డము కాదు. దీని పుప్పొడి కొందరికి ఉబ్బసమును, దీని స్పర్శ దురదను పుండ్లను కలిగించును. పూత పూయకమునుపే, నేల తడిగా నున్నపుడు, చేతులకు గుడ్డ చుట్టుకొని వేళ్లతో పెరికివేయవలయును. మూడవది ఎలుక. చెత్తకుప్ప ఎలుకకు ఇల్లు. ఎలుక యున్నచోటికి త్రాచుపామును, రక్తపింజరియు వచ్చును. చీకటివేళ వాకిటిలో తిరుగు ముసలివారును పసివారును ఆ కాటునకు గురియగుదురు.

ఈ విషయమున మన పూర్వులు మౌనము వహింపలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రము మూడవ అధికరణమున ఇండ్లకు స్థలములకు సంబంధించిన నియమములు కలవు. పొరుగు గోడకు మురుగుకాలువ ఎంత యెడముగా నుండవలెనో కూడ అందు చెప్పబడినది. స్థలవివాదములకు సామంతులే ప్రమాణమని ఆ గ్రంథము. ఇచ్చట సామంతుడనగా చిన్నరాజు కాడు, పొరుగువాడు. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున మరియొక విశేషము కలదు. ఆపద లేకయే రాజమార్గమున మలినము వేసినవాడు రెండు కార్షాపణములు దండుగ చెల్లించి, దానిని తానే తీసివేయవలయును. కాని ఆపదలో నున్నవారిని, వృద్ధులను, గర్భిణులను, బాలురను దండింపరాదు. మాటతో మందలించిన చాలును, స్థలము మాత్రము శుద్ధి కావలయును. ఈ రెండంశములు మనకు ముఖ్యములు. శుద్ధి అందరికిని సమానము. దండన మాత్రము మనిషి స్థితినిబట్టి యుండును.

కావున పెరడు ఎట్లున్నదని చూచుటతో ఆగక, ఎందుకట్లున్నదని విచారింపవలయును. ఆ యింట ఒంటరియైన వృద్ధురాలుండవచ్చును. ఆమెకు కావలసినది నోటీసు కాదు, కొడవలి పట్టు చేయి. కూలి యిచ్చుకొనలేని కుటుంబము కావచ్చును. అట్టిచోట వీధివారు తలకొక పూట పని చేసినచో తీరును. ఇల్లు తాళమువేసి హైదరాబాదునకో విదేశమునకో పోయినవారు కావచ్చును. అన్నదమ్ముల పంపకము తెగక స్థలము బీడుపడి యుండవచ్చును.

ఈ చివరి రెండింటిలో ఒక చిక్కు కలదు. పొరుగువారు మంచితనముతోనే పొదలు కొట్టించినను, “స్థలము ఆక్రమించుకొనుటకు ఎత్తు వేసినారు” అను అనుమానము పుట్టును. ఇతరుల స్థలమును హక్కుదారునకు విరోధముగా, బహిరంగముగా, 12 సంవత్సరములు ఎడతెగక అనుభవించినవారికి అది దక్కవచ్చునని 1963 నాటి కాలపరిమితి చట్టమును విన్నవారు భయపడుదురు. ఒకమారు కలుపు తీసినంతమాత్రమున అట్టి హక్కు రాదు. అయినను ఆ భయమును తీర్చుట పెద్దల పని. యజమానికి ముందుగా జాబు వ్రాసి అనుమతి తెప్పించుకొనవలయును. తగవులో నున్న స్థలమైనచో, ఈ శుభ్రతవలన ఎవరి హక్కునకును హాని లేదని ఉభయపక్షములచేత కాగితముపై వ్రాయించి చేవ్రాళ్లు పెట్టించవలయును. నేనెరిగిన యొక గ్రామమున ఇద్దరు సోదరుల మధ్య బీడుపడిన స్థలము ఇట్టి కాగితముతోనే ఒక్క ఉదయమున బాగుపడినది. వ్యాజ్యము మాత్రము తన దారిని తాను నడిచినది.

అడుగు పద్ధతియు ముఖ్యమే. నలుగురిని వెంటబెట్టుకొని పోయినచో అది విన్నపము కాక పంచాయితీ యగును. ఒంటరిగా, తీరిక వేళ, వరుస పెట్టి పిలుచుచు పోవలయును. “మీ పెరడు అసహ్యముగా నున్నది” అనుట నింద. “వదినా, మీ తొట్టిలో నీరు నిలిచి దోమలు పుట్టుచున్నవి, మా మనుమనికి జ్వరము తగిలినది, రేపు ఉదయము నేనును వచ్చి ఒక చేయి వేసెదను” అనుట బంధుత్వము. అనుమతి లేక గోడ దాటరాదు, చెట్టు కొట్టరాదు. పొదలకు నిప్పు పెట్టుటయు కలుపుమందు చల్లుటయు కూడదు. నిప్పు గడ్డివామి నెరుగదు, మందు పొరుగుపాదు నెరుగదు.

ఇట్లు రెండు మూడు మారులు అడిగినను చలనము లేనిచో, గ్రామపంచాయతీకి వ్రాతమూలముగా తెలుపవలయును. పారిశుద్ధ్యము దాని విధి. పదిమందికి హాని కలుగుచున్నదని తేలినచో, 2024 జూలై 1వ తేదీనుండి అమలులో నున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను ననుసరించి, దానిని తొలగింపుమని ఉత్తరువు చేయు అధికారము కార్యనిర్వాహక మేజిస్ట్రేటునకు కలదు. అయితే ఆ మెట్టు ఎక్కిన పిమ్మట ఇరుగుపొరుగు మునుపటివలె మాటలాడుకొనుట కష్టము. జ్వరము వీధిలో వ్యాపించుచున్నచో వెనుదీయరాదు. కేవలము చూపునకు బాగులేదను కోపముతో మాత్రము అంతవరకు పోరాదు.

తొలకరికి ముందే ప్రతి వీధి పెద్దలు ఒక దినము నియమించుకొని వరుసగా అన్ని పెరళ్లు చూచుట మంచిది. ఆ వరుసలో మొదటిది చూడవచ్చిన పెద్దల పెరడే కావలయును. అపుడు ఎవరును వేలు పెట్టి చూపినారని బాధపడరు, నీరు నిలిచిన కుండలును ముందుగనే బోర్లపడును.