చీకటి గదీ, వెలుగు తెరా

గోడమీద తాతగారి ఫోటో లేని ఇల్లు మనలో అరుదు. కోటూ, తలపాగా, చేతిలో కర్రా, పక్కన పూలకుండీ! అరవై, డెబ్బై ఏళ్ళయినా ఆ బొమ్మ చెక్కు చెదరలేదు. అదే ఇంట్లో నిరుడు జరిగిన పెళ్ళి ఫోటోలు చూపించమనండి. "ఫోనులో ఎక్కడో ఉన్నాయండీ, వెతకాలి" అంటారు. తీసినవి వేలు; చేతికి దొరికేది ఒక్కటీ లేదు. ఎందుకిలా జరుగుతోంది?

ఎర్రదీపం వెలుగులో

వెనుకటి స్టూడియోల్లో లోపలగా ఒక చిన్న చీకటి గది ఉండేది. అందులో ఎర్రదీపం. ఎర్రదీపమే ఎందుకంటే, ఫోటో కాగితంమీద పూసిన వెండి లవణాలు నీలికాంతికి లొంగుతాయి గాని ఎర్రకాంతిని లెక్కచెయ్యవు. ఎన్‌లార్జరులో నెగెటివు పెట్టి కాగితంమీద కొన్ని సెకండ్లు వెలుతురు పడనిస్తారు. అప్పటికీ కాగితం తెల్లగానే ఉంటుంది. డెవలపరు ట్రేలో వేసి కదుపుతూంటే ముందు జుట్టు, తరవాత కళ్ళు, ఆపైన ముఖమంతా తేలివస్తుంది. ఎన్నేళ్ళు పనిచేసినవారికైనా ఆ క్షణం కొత్తే.

ఆపైన హైపో. వెలుతురు తగలని వెండి లవణాన్ని కరిగించి, బొమ్మను నిలబెట్టేది అదే. హైపోకున్న ఈ గుణాన్ని 1819లో ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్ కనిపెట్టాడు. ఫోటోగ్రఫీ లోకానికి వెల్లడైన 1839లో అది అక్కరకు వచ్చింది.

ఈ మందులు 20 డిగ్రీల దగ్గర బాగా పనిచేస్తాయి. మరి బెజవాడ ఎండల్లోనో? నీళ్ళు వేడెక్కితే కాగితంమీది జిలటిన్ పూత మెత్తబడిపోతుంది. అందుకని ట్రేల చుట్టూ ఐసు ముక్కలు పేర్చుకోవలసి వచ్చేది.

అన్నిటికంటె విసుగుపని చివరిది: హైపో పోయేదాకా కడగడం. పాతరకం కాగితమైతే పారే నీటిలో దాదాపు గంటసేపు ఉంచాలి. తొందరపడి తీసేసిన ప్రింటు ఆనాడు బాగానే కనిపిస్తుంది. కొన్నేళ్ళకు పసుపుబారి వెలిసిపోతుంది. మీ ఆల్బంలో ఒక బొమ్మ నిగనిగలాడుతూ, పక్కది పాలిపోయి ఉన్నదా? చాలావరకు తేడా కెమేరాలో లేదు, కడగడంలో ఉంది.

శ్రద్ధగా చేసినది ఎంతకాలం నిలుస్తుందో చూడండి. సికిందరాబాదులో స్టూడియో నడిపి, నిజాం కొలువులో పేరు పొందిన రాజా దీనదయాళ్ 1905లో కాలం చేశారు. ఆయన గాజు నెగెటివులు రెండు వేలకు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి.

మందులు లేని ఫోటో

1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ ఫిల్ము లేని కెమేరా తయారు చేశాడు. బొమ్మకు చుక్కలు పదివేలే. అది క్యాసెట్టు టేపుమీద ఎక్కడానికి 23 సెకండ్లు పట్టేది. ఈనాడు ఫోను బొమ్మలో కోటికి పైగా చుక్కలుంటాయి. 1990లో వచ్చిన ఫోటోషాప్‌లో ఒక చోటును తేటపరిచే పనిముట్టుకు గుర్తు పుల్లకు గుచ్చిన బిళ్ళ. నల్లపరిచేదానికి గుర్తు ముడిచిన చెయ్యి. ఎన్‌లార్జరు కింద అట్టబిళ్ళ అడ్డుపెట్టి, అరచేతి సందులోంచి వెలుతురు వదిలిన ఆనాటి పనివారి ఆనవాళ్ళే అవి!

కొత్త పద్ధతిలో సుఖాలకు లోటు లేదు. పని చెడితే కాగితం దండుగ కాదు. బూజుపట్టిన పాత బొమ్మను స్కాను చేసి, గీతలు తుడిచి, అన్నదమ్ములందరికీ తలా ఒకటి పంచవచ్చు. కాని ఇక్కడా చివర ఒక విసుగుపని ఉంది. దాన్నే మనం ఎగవేస్తున్నాం. కాగితం ఖరీదైనప్పుడు ముప్పై ఆరు బొమ్మల్లో నాలుగు ఏరి వేయించేవాళ్ళం. ఇప్పుడు ఏరడమే లేదు. పైగా ప్రింటు మెల్లగా వెలుస్తుంది. హార్డుడిస్కు చెడితే అన్నీ ఒక్కసారే పోతాయి.

కనుక ప్రతి వేడుకకూ పది మంచి బొమ్మలు ఏరండి. వాటిని రెండు వేరువేరు చోట్ల దాచండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ కుదించుకుపోతుంది గనుక అసలు ఫైలునే భద్రపరచండి. కొన్నింటిని ప్రింటు వేయించండి. ఇంట్లోనే వేసుకుంటే పిగ్మెంటు సిరా ఎక్కువ కాలం నిలుస్తుంది. ఎండ మాత్రం తగలనివ్వకండి.

ఆఖరుమాట. ప్రింటు వెనక మెత్తని పెన్సిలుతో పేర్లూ, ఊరూ, సంవత్సరమూ రాయండి. ఈ సెలవుల్లోనే పిల్లలను అమ్మమ్మ పక్కన కూర్చోబెట్టి రాయించండి. పాత బొమ్మల్లో ఎవరెవరో చెప్పగలవారు ఇంట్లో ఉన్నప్పుడే ఆ పని జరగాలి.