ప్రియదర్శిని పెట్టె మా ఇంటికొచ్చింది!

"మాయాబజార్" చూడని తెలుగువాడు ఉంటాడా? ఉంటే ముందు ఆ పని చూసుకుని రండి, తర్వాత ఈ వ్యాసం చదువుదురు గాని!

అందులో శశిరేఖ చేతికి ఒక పెట్టె వస్తుంది, గుర్తుందా? పేరు ప్రియదర్శిని. మూత తెరిస్తే చాలు, మనసుకు నచ్చినవాళ్లు ఎదురుగా ప్రత్యక్షం. సావిత్రి మూత తెరిచింది... నాగేశ్వరరావు కనిపించాడు! 1957 నాటి సినిమా అది. ల్యాప్‌టాప్ లేదు, వీడియో కాల్ లేదు. అయినా దర్శకుడు కె.వి.రెడ్డి, విజయా వారు కలిసి మనకు తెర మీద ముందే చూపించేశారు. ఇప్పుడా పెట్టె చిన్నదై, పల్చనై, మీ జేబులోనూ నా జేబులోనూ కూచుంది.

మాది హనుమకొండ. పత్రికలకు రాసుకోవడం నా వృత్తి. కొత్త ఆప్ వస్తే దించుకోవడం, కొత్త పరికరం కనిపిస్తే విప్పి చూడడం నా పిచ్చి. "పొద్దున లేస్తే ఫోను, పండుకుంటే ఫోను! గందులో ఏమున్నదిరా?" అని మా బాపు రోజూ అడుగుతుంటాడు. ఏమున్నదో చూపించే అవకాశం గత ఎండాకాలంలో వచ్చింది. ఆ కథే ఇది. ఇందులో హీరో నేను కాదని మాత్రం ముందే మనవి చేసుకుంటున్నాను.

రేకుపెట్టెలో వెండితెర

బాపు కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. కుర్రతనంలో సినిమా పిచ్చి. హాలు బయట పాటల పుస్తకాలు అమ్మేవారు కదా, చూసిన ప్రతి సినిమాకీ ఒకటి కొని రేకుపెట్టెలో దాచాడు. ఇప్పటి కుర్రకారుకు ఈ పాటల పుస్తకం సంగతి తెలియదు కాబట్టి చెబుతున్నాను. నాలుగైదు కాగితాల మడత. అట్ట మీద హీరో హీరోయిన్ల బొమ్మ. లోపల తారాగణం, పాటలు, కొంచెం కథ. కథ సరిగ్గా మంచి పట్టులో ఉండగా ఆగిపోతుంది. "మిగతాది వెండితెర మీద చూడండి" అని ఊరిస్తుంది!

బాపు పెట్టెలో అలాంటివి రెండు వందలకు పైగా ఉన్నాయి. కాగితం పసుపెక్కింది. పట్టుకుంటే అప్పడంలా విరుగుతోంది. కొన్ని అప్పటికే చెదలకు విందైపోయాయి.

ఇంతలో బాపు కంటికి నీటికాసులు అని డాక్టరు తేల్చాడు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి అన్నాడు. చుక్కల మందు రాశాడు. ఇంటికొచ్చాక బాపు ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం రేకుపెట్టె ముందేసుకుని ఒక్కో పుస్తకం కంటికి ఆనించుకుని చూస్తున్నాడు. అక్షరాలు అందడం లేదు.

"ఫోన్‌తోని చదివిస్తా బాపూ" అన్నాను.

"గది సదువుతదా? తెలుగు?"

సవాలు విసిరాడన్నమాట!

మేకప్ తీసేస్తే అసలు మొహం

ఫోను తెలుగు చదవడం వెనక పెద్ద ఫ్లాష్‌బ్యాక్ ఉంది. కొంచెం ఓపిక పట్టండి.

నేను రాయడం మొదలెట్టిన కొత్తలో బస్టాండు దగ్గరి డీటీపీ షాపులో టైపు చేయించి సీడీలో దాచుకునేవాణ్ని. కొన్నేళ్లకు ఆ సీడీ కొత్త కంప్యూటర్లో పెడితే ఏముంది? తెలుగు మాయం! ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు కలిపి వండిన ఖిచిడీ కనిపించింది. గుండె ఆగినంత పనైంది.

కారణం విన్నాక నవ్వొచ్చింది. పాతకాలం తెలుగు ఫాంట్లలో అసలు తెలుగే లేదు. ఇంగ్లీషు అక్షరానికే తెలుగు వేషం వేసి కూచోబెట్టేవారు. ఆ ఫాంటు ఉన్నంతసేపూ వేషం బ్రహ్మాండం. ఫాంటు లేని కంప్యూటర్లో మేకప్ పోతుంది, అసలు మొహం బయటపడుతుంది.

ఈ చిక్కుకు మందే యూనికోడ్. ప్రపంచ భాషలన్నిటికీ ఇదొక పెద్ద సినిమా హాలు అనుకోండి. ప్రతి అక్షరానికీ నంబరున్న కుర్చీ. 1991లో వచ్చిన మొదటి జాబితాలోనే తెలుగుకు 128 కుర్చీలు కేటాయించారు. 3072 నుంచి 3199 వరకు మనవే. 'అ' కూచునేది 3077లో, 'క' కూచునేది 3093లో. వరంగల్లో కూచున్నా వాషింగ్టన్‌లో కూచున్నా అదే నంబరు. వేషాల గొడవ లేదు.

ఈ హాలు కట్టిన వాళ్లలో, దాన్ని నింపిన వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో ఉండగా రామారావు కన్నెగంటి, ఆనంద కిశోర్‌లు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఒక పద్ధతి తయారుచేశారు. వెన్న నాగార్జున 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియాకు కొబ్బరికాయ కొట్టారు. పాత ఫాంట్ల తెలుగును యూనికోడ్‌లోకి మార్చే "పద్మ" కూడా ఆయన చేతి పనే. వీవెన్ 2006లో "లేఖిని" తెచ్చారు. ఇంగ్లీషు మీటలు కొడితే తెలుగు అక్షరం పడుతుంది. నా తరంలో ఎంతోమంది కంప్యూటర్లో తెలుగు ఓనమాలు దిద్దింది అక్కడే. నా సీడీలోని ఖిచిడీలోంచి కూడా ఇలాంటి మార్పిడి సాధనాలతోనే సగానికి పైగా వ్యాసాలు బతికించుకున్నాను.

అన్నట్టు, దేశికాచార్యులు గారు ఉచితంగా పంచిన యూనికోడ్ ఫాంటు పేరేమిటో తెలుసా? "పోతన"! ఆ మహాకవిది మన పాలకుర్తి దగ్గరి బమ్మెర. నాగయ్య నటించిన "భక్త పోతన" కె.వి.రెడ్డికి దర్శకుడిగా తొలి చిత్రం. తిరిగి తిరిగి మళ్లీ మాయాబజార్ దగ్గరికే వచ్చాం, చూశారా? ఇంకో ముచ్చట. సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన తెలుగు ఫాంట్లలో ఒకదాని పేరు "ఎన్టీఆర్". అభిమానులు పోస్టర్లు చేసుకునేటప్పుడు గుర్తుంచుకోండి!

ఐఫోన్‌ను పడగొట్టిన అక్షరం

తెలుగు అక్షరం చూడ్డానికి గుండ్రంగా, బుద్ధిగా ఉంటుంది. కంప్యూటరుకు మాత్రం చుక్కలు చూపిస్తుంది. "స్త్రీ" మన కంటికి ఒకటే అక్షరం. కంప్యూటరుకు అది ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, చివర దీర్ఘం. ఆరింటినీ కలిపి, ఒత్తులు కిందికి దింపి, గుడి పైకెక్కించి బొమ్మ కట్టాలి.

2018 ఫిబ్రవరిలో ఏమైందో విన్నారా? ఒకే ఒక్క తెలుగు అక్షరం మెసేజిలో వస్తే ఐఫోన్లలో ఆప్‌లు కుప్పకూలిపోయాయి. ప్రపంచమంతా గగ్గోలు. ఆ అక్షరం "జ్ఞా". అదీ మామూలు జ్ఞా కాదు, మధ్యలో కంటికి కనిపించని ఒక గుప్త సంకేతం దూరిన జ్ఞా. లక్షలు పోసి ఐఫోను కొన్నవాళ్లు మన జ్ఞా ముందు చేతులెత్తేశారు! ఆ నెల 19న ఆపిల్ వారు మరమ్మతు విడుదల చేస్తే గాని గొడవ సద్దుమణగలేదు.

జ్ఞానంలోనూ జ్ఞాపకంలోనూ ఉండే జ్ఞా అది. ఈ మాట కొంచెం గుర్తు పెట్టుకోండి, చివర్లో పని పడుతుంది.

ఆకాశవాణి... వార్తలు చదువుతున్నది మా ఫోను!

సరే, మన కథలోకి వద్దాం. బొమ్మలోని అక్షరాన్ని చదివే ఆప్ ఒకటి ఫోన్లో వేశాను. "దసరా బుల్లోడు" పాటల పుస్తకం తీసి ఫొటో కొట్టాను. మొదటి ప్రయత్నం అట్టర్ ఫ్లాప్! 'మ'ను 'య' చేసింది, 'ప'ను 'వ' చేసింది. పై వరసలోని ఒత్తును కింది వరస నెత్తిన పెట్టింది. ప్రేమ పాట కాస్తా పరిష్కారం లేని పజిలైంది.

వారం రోజులు కుస్తీ పట్టాక కొన్ని కిటుకులు దొరికాయి. మీకూ పనికొస్తాయి, రాసుకోండి. ఫ్లాష్ వెయ్యొద్దు. పొద్దుటి పూట కిటికీ వెలుగు చాలు. కాగితం మీద శుభ్రమైన గాజు పలక పెడితే ముడతలు సర్దుకుంటాయి. ఫోను కాగితానికి సరిగ్గా పైన ఉండాలి, పక్కకు వాలకూడదు. రెండు వరసల్లో పాటలుంటే ఒక్కో వరసను విడిగా తీయాలి. ఫొటోకు వెంటనే సినిమా పేరు, ఏడు, పేజీ నంబరుతో పేరు పెట్టాలి. లేకపోతే వంద ఫొటోలయ్యాక మీరే గుర్తుపట్టలేరు.

ఇన్ని చేశాక తెలుగు చక్కగా పడింది. అక్కడక్కడా తప్పులు నేను దిద్దాను. తర్వాత ఫోన్లోని తెలుగు గొంతుకు అప్పజెప్పి బాపును కూచోబెట్టాను. ఫోను గొంతు సవరించుకుని యుగళగీతం అందుకుంది... ఎలాగంటారా? వరదలు, ధరలు, వాతావరణ సూచన చదివినట్టు!

బాపు పడీ పడీ నవ్వాడు. "ఆకాశవాణి వార్తలోలె ఉన్నదిరా!" అన్నాడు. ఫోను ఒక ముక్క చదవగానే తరవాతి ముక్క తనే రాగంలో అందుకున్నాడు. చూపు సంగతి తెలిశాక ఆయన నవ్వడం అదే మొదలు.

ట్విస్టు ఇప్పుడే!

నా గర్వానికి పట్టపగ్గాల్లేవు. స్కానింగ్ ఆప్‌లో "క్లీన్" అని ఒక మీట ఉంది. నొక్కితే పసుపు పోతుంది, మరకలు పోతాయి, కాగితం మల్లెపువ్వవుతుంది. అన్నిటికీ అదే నొక్కుకుంటూ పోయాను. జాగా మిగలాలని ముందు తీసిన అసలు ఫొటోలు చెరిపేశాను. పని అయిపోయిన కాగితాలు కట్టగట్టి పాత పేపర్లతో పాటు గుమ్మం పక్కన పెట్టాను. "ఇగ ఈ చెత్తెందుకు బాపూ, అంతా ఫోన్లున్నది" అని ధీమాగా చెప్పాను.

ఆ రోజు "అల్లూరి సీతారామరాజు" వంతు. 1974 సినిమా, తెలుగులో తొలి సినిమాస్కోప్. ఫోను చదివింది. బాపు విన్నాడు. విని, "పక్కన రాసింది సదువలే?" అన్నాడు.

"పక్కన ఏం రాసున్నది?"

"పెన్సిల్‌తోని రాసిన. అన్నిట్ల రాసిన."

ఫోన్లో చూశాను. తెల్లగా, శుభ్రంగా ఉంది. ఒక్క గీత లేదు. గుమ్మం దగ్గరికి పరుగెత్తి కట్ట విప్పాను. కాగితం అంచున, మసకబారిన పెన్సిల్ రాత: "అన్నతోని. టికెట్ ఒక్కటే దొరికింది."

నేను మరక అనుకున్నది అదే. ఆప్ కూడా మరక అనుకునే తుడిచేసింది! పాత సామాను అతను మర్నాడు రావలసినవాడు. ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే?

"ఎవరు బాపూ? పెద్దబాపా?"

మా పెద్దబాపు నేను పుట్టకముందే పోయాడు. ఇంట్లో ఆయన మాట ఎవరూ ఎత్తరు. బాపు నిదానంగా చెప్పాడు. ఒక్కటే టికెట్ దొరికితే అన్న తమ్ముణ్ని లోపలికి పంపాడట. తను బయట గోడకానుకుని మూడు గంటలూ మాటలు, పాటలు వింటూ నిలబడ్డాడట. దారంతా నడుస్తూ తమ్ముడు బొమ్మలు చెబితే, అన్న డైలాగులు చెప్పాడట. ఆ ఏడే మగ్గం పనికి భివండీ పోయాడు. జబ్బు చేసి అక్కడే పోయాడు.

"మళ్ల ఆనితోని సిన్మా సూడలే" అన్నాడు బాపు.

శుభం కార్డుకు ముందు

మాయాబజార్‌తో మొదలెట్టాం కదా, దాంతోనే ముగిద్దాం. 2010 జనవరి 30న ఆ సినిమా రంగుల్లో విడుదలైంది. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ కంప్యూటర్లతో ఒక్కో ఫ్రేముకూ రంగులద్దింది, శబ్దాన్ని కొత్తగా తీర్చింది. కుర్రకారు మళ్లీ హాళ్లకు వచ్చారు, మంచిదే. కాని ఆ రంగుల హడావుడిలో కొన్ని పాటలు, పద్యాలు కత్తెరకు పోయాయి. నలుపు తెలుపు మూలం మిగిలి ఉంది కనుక సరిపోయింది. అది లేకపోతే?

నేను నేర్చుకున్నదీ అంతే. శుభ్రం చెయ్యండి, రంగులెయ్యండి, మీ ఇష్టం. కాని అసలుది చెరపకండి. ముందు ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసి రెండు చోట్ల దాచండి. కాగితాన్ని పారెయ్యకండి. మెరుగులు తర్వాత.

రెండు వందల పుస్తకాలూ మళ్లీ మొదటినుంచి ఫొటోలు తీస్తున్నాను. అచ్చు అక్షరం ఫోను చదువుతోంది. ఆ మసక పెన్సిల్ రాత దానికి అందడం లేదు, అది నేను చదువుతున్నాను. బాపు చెప్పేది గొంతుతో టైపు చేయిస్తున్నాను. 2017లో గూగుల్ గొంతు టైపింగులో తెలుగును చేర్చింది కాబట్టి ఆ సౌకర్యం మనకుంది. మా ఫోను బాపు యాసకు తడబడితే నేను దిద్దుతున్నాను. ఇప్పటికి నలభై సినిమాలయ్యాయి. నలభైలోనూ ఎవరితో చూశాడో రాసుంది. పదకొండింట్లో "అన్నతోని" అని ఉంది.

మొన్న ఆ ఫైలుకు పేరు పెట్టమంటే బాపు "జ్ఞాపకాలు" అన్నాడు. జ్ఞా సరిగ్గానే పడింది, ఫోను పడిపోలేదు!

మీ ఇంట్లోనూ ఇలాంటి రేకుపెట్టె ఒకటి ఉండే ఉంటుంది. జేబులో ప్రియదర్శిని ఉండనే ఉంది. ఈ ఆదివారం మ్యాట్నీ మానేసి, ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూచుని మూత తెరవండి.

మిగతాది అక్కడే చూడండి!