దాగి తిరుగు యుద్ధనౌక

నేలమీద పోరాడువానికి చాటు దొరకును. చెట్టో పుట్టయో గోడయో ఉండును. ఏదియు లేకున్న త్రవ్వుకొన్న గుంట అయినను ఉండును. సముద్రముమీద అట్టిదేమియు లేదు. కంటికి ఆనినంత మేర నీరు, ఆ నీటిమీద ఉక్కుతో కట్టిన ఒక మేడ. ఆ మేడ దాగవలెనన్న ఎక్కడ దాగును?

2025 ఆగస్టు 26 వ తేదీన విశాఖపట్టణమున మన నౌకాదళములో ఒకే దినమున రెండు ఫ్రిగేటులు చేరినవి. ఒకటి ముంబయిలోని మజగావ్ డాకులో నిర్మించిన ఉదయగిరి. రెండవది కోల్‌కతాలోని గార్డెన్ రీచిలో నిర్మించిన హిమగిరి. ఉదయగిరికి మన ఆంధ్రదేశపు కొండల పేరే పెట్టిరి. ఇదే పేరుగల ఫ్రిగేటు మరియొకటి 1976 నుండి 2007 వరకు సేవచేసి విరమించినది. క్రొత్తవి రెండును నీలగిరి తరగతికి చెందినవి. ఒక్కొక్కటి 149 మీటర్ల పొడవు, సుమారు 6,700 టన్నుల బరువు. ఫ్రిగేటు అనగా పెద్ద నౌకలకు కావలి కాయుచు, జలాంతర్గాములను వేటాడుచు, అవసరమైనచో ఒంటరిగ దూరదేశములకు పోగల మధ్యతరగతి యుద్ధనౌక. ఈ క్రొత్తవానిని స్టెల్తు ఫ్రిగేటులు అనుచున్నారు. కొందరు దానిని అదృశ్య నౌక అని తెలిగించుచున్నారు గాని, ఆ మాట మాకు సమ్మతము కాదు. పట్టపగలు ఒడ్డున నిలిచిన పసిపిల్లవానికి గూడ ఈ నౌక కొండంతగా కనబడును. అది దాగునది మనుష్యుని కంటినుండి కాదు, యంత్రముల కంటినుండి, యంత్రముల చెవినుండి.

ఈ దాగుడు అవసరము ఎట్లు వచ్చినది? 1967 అక్టోబరు 21 న ఈజిప్టుకు చెందిన చిన్న పడవలు క్షిపణులను ప్రయోగించి ఇజ్రాయెలు వారి ఐలాత్ అను పెద్ద నౌకను ముంచివేసినవి. చిన్న పడవ పెద్ద నౌకను దూరమునుండియే కూల్చగలదని లోకమునకు తెలిసివచ్చినది. 1982 మే 4 న దక్షిణ అట్లాంటిక్ సముద్రమున బ్రిటిషువారి షెఫీల్డు నౌకను అర్జెంటీనా విమానము విడిచిన ఎగ్జోసె క్షిపణి తాకినది. నీటిని రాచుకొనుచున్నట్లు తక్కువ ఎత్తున వచ్చిన ఆ ఒక్క క్షిపణికి ఇరువదిమంది నావికులు బలియైరి. కొలది దినములలో నౌకయు మునిగినది.

మనకు ఇంకను దగ్గరి ఉదాహరణము కలదు. 1971 డిసెంబరు 9 రాత్రి డయ్యూ తీరమునకు దూరముగ మన ఖుక్రీ నౌకను పాకిస్థాను జలాంతర్గామి హాంగోర్ టార్పెడోతో కొట్టినది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించిరి. కెప్టెన్ మహేంద్రనాథ ముల్లా నౌకను విడువక దానితోనే మునిగిరి. ఖుక్రీ కూడ ఫ్రిగేటే. జలాంతర్గాములను వేటాడుటకే పుట్టిన నౌక. ఆ రాత్రి వేటగానినే వేట ముందుగ కనిపెట్టినది. ముందుగ ఎవరు ఎవరిని పసిగట్టిరి అనునదియే సముద్రముమీద వందలకొలది ప్రాణముల ప్రశ్న.

మొదట రాడారు సంగతి చూతము. మీ ఇంటనున్న రేడియో వినుట మాత్రమే ఎరుగును. రాడారు పిలుచుటయు వినుటయు రెండును చేయును. రేడియో తరంగమును పంపి, అది దేనికైన తగిలి తిరిగివచ్చినచో ఆ ప్రతిధ్వనిని పట్టుకొనును. శత్రు క్షిపణి ముక్కున గూడ చిన్న రాడారు ఉండి, చివరి దూరమున నౌకను అదియే వెదకికొనును.

క్యారమ్ ఆడినవారికి ఒక సంగతి తెలిసియే యుండును. స్ట్రయికరును గుంటలో పడకుండ మూలకు దగ్గరగ కొట్టినచో అది ఒక చట్టమునకు తగిలి, పిమ్మట రెండవ చట్టమునకు తగిలి, వచ్చిన వైపునకే తిరిగివచ్చును. రెండు చట్టములు సమకోణముగ కలిసియుండుటయే ఇందుకు కారణము. పాత యుద్ధనౌకను తలచుకొనుడు. నిట్టనిలువు గోడలు, వాని ముందర చదునైన డెక్కు, నిచ్చెనలు, పడవలు, కమ్మీలు, దూలముల స్తంభములు. ఎటు చూచినను మూలలే. ఎక్కడనుండి తరంగము వచ్చినను ఏదో ఒక మూల దానిని వచ్చినవానికే అప్పగించును.

క్రొత్త నౌకలో ఈ మూలలను తీసివేసిరి. ప్రక్కగోడలు నిలువుగ గాక కొలది డిగ్రీలు వాలియుండును. తగిలిన తరంగము పంపినవాని వద్దకు పోక ఆకాశమునకో నీటికో మళ్లిపోవును. అన్ని గోడలను ఒకటి రెండు వాలులలోనే ఉంచుదురు. ఎందుకనగా మిగిలిన ప్రతిధ్వని పది దిక్కులకు చెదరక సన్నని దారులలోనే పోవలెను. పడవలు తెరల వెనుకకు పోయినవి. దూలముల స్తంభమునకు బదులు పలకలతో మూసిన గోపురము వంటి కట్టడము వచ్చినది. ఎనిమిది బ్రహ్మోస్ క్షిపణులు, విమానములనెదిరించు ముప్పదిరెండు బరాక్ క్షిపణులు డెక్కుపై కనబడవు. డెక్కుక్రింద నిలువు గదులలో నిలిచియుండి అక్కడనుండియే పైకి లేచును. ఫ్రాన్సువారి లాఫాయెత్ ఫ్రిగేటు 1996 లో సేవలో చేరినప్పటినుండి ఈ నున్నని రూపము లోకమునకు పరిచితమైనది. మన దేశమున ఈ దారిలో మొదటిది 2010 లో చేరిన శివాలిక్.

ఇంత చేసినందుకు ఫలమెంత? ఇక్కడ లెక్క కొంచెము కఠినమైనది. దూరము రెట్టింపైనచో రాడారు తరంగము పోవునప్పుడు నాలుగవ వంతగును. తిరిగివచ్చునప్పుడు అందులో మరల నాలుగవ వంతగును. అనగా ప్రతిధ్వని పదునారవ వంతు మాత్రమే మిగులును. దీనినే తిరుగవేసి చూడుడు. నౌక తన ప్రతిధ్వనిని పదునారవ వంతునకు తగ్గించుకొన్నను కనబడు దూరము సగమే తగ్గును. పదవ వంతునకు తగ్గవలెనన్న ప్రతిధ్వనిని పదివేలవ వంతు చేయవలెను! అదృశ్యమను మాట ఎందుకు చెల్లదో ఇప్పుడు తెలిసినది గదా.

అయినను ఆ సగము దూరము అల్పమైనది కాదు. నూరు కిలోమీటర్లనుండి నౌకను చూడవలసిన విమానము ఏబది కిలోమీటర్లకు రావలసివచ్చినచో, అది నౌక క్షిపణులకు అందు చోటికి తానే వచ్చినట్లు. నీటిని రాచుకొనివచ్చు సాధారణ క్షిపణి సెకనుకు సుమారు 300 మీటర్లు పరుగెత్తును. ముప్పది కిలోమీటర్లకు నూరు సెకనులు. ఇక్కడ బేరమంతయు సెకనులతోనే. మరియొక లాభము కలదు. ఆపద సమయమున నౌక అల్యూమినియము పూతగల సన్నని గాజుపోగులను గాలిలోనికి చిమ్మి ఒక మబ్బును కల్పించును. క్షిపణి ఆ మబ్బునే నౌక అని భ్రమపడవలెను. నౌక ప్రతిధ్వని పెద్దదైనచో మబ్బు దానిని మించలేదు. నౌక ప్రతిధ్వని చిన్నదైనచో కొద్ది మబ్బే చాలును. రూపమును వంచుటలోని అసలు లాభము ఇదియేయని మా అభిప్రాయము.

వేడిమి సంగతి త్వరగ చెప్పుకొనవచ్చును. నీలగిరి తరగతి నౌకకు రెండు డీజిలు యంత్రములు, రెండు గ్యాసు టర్బైనులు. సామాన్య ప్రయాణమునకు డీజిలు, వేగము కావలసినప్పుడు టర్బైను. అప్పుడు గంటకు ఏబది కిలోమీటర్లు దాటి పోగలదు. కాని టర్బైను విడుచు వాయువు 500 డిగ్రీలకు పైబడిన వేడితో వచ్చును; దాని తాకిడికి కాగిన గొట్టము వేడిని వెదకు క్షిపణికి దీపము వలె కనబడును. వంటింటి గ్యాసు పొయ్యిని గమనింపుడు. గ్యాసు జోరుగ పోవుచు గొట్టము ప్రక్కనున్న రంధ్రమునుండి గాలిని తనతో ఈడ్చుకొనిపోవును. ఇట్టి నౌకల పొగగొట్టములలోను ఇదే ఉపాయము. వేడి వాయువే చల్లని గాలిని లోనికి లాగి, దానితో కలిసి, చల్లబడి బయటికి పోవును. కాగిన లోహము బయటివారికి కనబడకుండ మరుగున ఉండును.

చూచువారు నౌక రూపమును మెచ్చుకొందురు. మేము మాత్రము నిశ్శబ్దమునకే పెద్దపీట వేయుదుము. ఖుక్రీని ముంచిన శత్రువు నీటిక్రింద నుండెను. సముద్రజలమున వెలుగు దూరము పోదు, రేడియో తరంగము పోదు. ధ్వని మాత్రము సెకనుకు 1,500 మీటర్ల వేగముతో, గాలిలోకంటె నాలుగు రెట్లకు మించి, పరుగెత్తును. డీజిలు యంత్రము కొట్టుకొనుచున్నంతసేపు ఆ కుదుపు ఉక్కుద్వారా నీటిలోనికి దిగును. కావున యంత్రమును నేరుగ నౌకకు బిగింపక రబ్బరు దిమ్మెలమీద కూర్చుండబెట్టుదురు. చుట్టును ధ్వనిని మ్రింగు పెట్టె కట్టుదురు.

అంతకంటె మొండిది చోదకచక్రము, అనగా నీటిని త్రోయు రెక్కల చక్రము. గిన్నెలో నీరు మరుగుటకు ముందు సన్నగ కూయుట ప్రతి ఇల్లాలికి తెలిసినదే. అడుగున పుట్టిన ఆవిరి బుడగలు పైనున్న చల్లని నీటిలో చితికిపోవుటయే ఆ కూత. చక్రము మిక్కిలి వేగముగ తిరిగినప్పుడు రెక్కల వెనుక ఒత్తిడి తగ్గి, చన్నీటిలోనే అట్టి బుడగలు పుట్టి చితుకును. ఆ చిటపటలు జలాంతర్గామి చెవికి మైళ్లకొలది దూరమునుండి అందును. ఈ బుడగలు పుట్టని వేగమును పెంచుటకై రెక్కల వంపును తీర్చుట ఒక పెద్ద విద్య. 1969 లో విశాఖపట్టణమున స్థాపించిన నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో అర కిలోమీటరు పొడవుగల నీటితొట్టి కలదు. అక్కడ నౌకల నమూనాలను నీటిలో లాగి పరీక్షింతురు. రెక్కల వెనుక పుట్టు బుడగలను పరిశీలించుటకు వేరుగ ఒక జలసొరంగము గూడ కలదు. ఈ నౌకల ఉక్కు సైతము మన తెలుగునాటిదే అనవచ్చును. డి.ఎం.ఆర్. 249 ఎ అను ఆ రకమును రూపొందించినది హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల. ఉక్కు అయస్కాంతపు మందుపాతరలను మేలుకొల్పును గనుక నౌక లోపల తీగచుట్లు చుట్టి విద్యుత్తుతో ఆ గుణమును అణచుట పాత పద్ధతియే. నేటికిని అదే సాగుచున్నది.

ఇంతటి నౌకను దాని నోరే పట్టియిచ్చును. రేడియో ఉన్న ఇంటివారికి దీనిని వేరుగ చెప్పనక్కరలేదు. ఆకాశవాణి ఎక్కడనుండి పలుకుచున్నదో అందరికి తెలియును. ఏయే ఇంట వినుచున్నారో ఆకాశవాణికి తెలియదు. రాడారును వెలిగించిన నౌకయు అట్లే. రాడారు తరంగము పోయి తిరిగివచ్చి బలహీనపడునుగాని, వినుచు కూర్చున్న శత్రువునకు పోవు దారి ఒక్కటే. కావున రాడారు చూడగలిగిన దూరముకంటె ఎంతో దూరమునుండియే దానిని వినవచ్చును. వాలుగోడలన్నియు ఆ క్షణమున వృథా. అందుచేత నౌకాధిపతి రాడారును ఆర్పి, తాను పలుకక, ఇతరుల పలుకులను మాత్రము వినుచు గంటలకొలది ప్రయాణము చేయును. వెలిగించినచో చూడవచ్చును గాని కనబడిపోవును. ఆర్పినచో దాగవచ్చును గాని రానున్నదానిని ఆలస్యముగ తెలిసికొనును. దీనికి యంత్రములో జవాబు లేదు. రాత్రి కావలిలోనున్న మనుష్యుడే నిశ్చయింపవలెను.

శాంతికాలమున ఈ దాగుడు మరియొక చిక్కు తెచ్చినది. అమెరికావారి జుమ్వాల్టు అను స్టెల్తు నౌక ఫ్రిగేటుకంటె పెద్దది, పొడవు 610 అడుగులు. మెయిన్ రాష్ట్రపు తీరమున పరీక్షలకై తిరుగునప్పుడు అక్కడి మత్స్యకారుని రాడారులో అది నలుబది ఏబది అడుగుల చేపలపడవవలె కనబడినట్లు 2016 లో వార్తలు వచ్చినవి. మంచులోను, ఓడల రద్దీలోను ఇతరులు వచ్చి గుద్దుకొనకుండుటకై, రాడారు తరంగమును వచ్చినవానికే త్రిప్పిపంపు సాధనములను ఆ నౌకకు తగిలించుటకు ఏర్పాటు చేసిరి. ఎంతో శ్రమపడి తీసివేసిన మూలలనే మరల తెచ్చి వ్రేలాడదీసిరన్నమాట.