వంద మీటర్ల గీత

హంపిలో విరూపాక్షాలయ గోపురం ముందు నిలబడి తూర్పుకు చూస్తే, రాతి మంటపాల వరుసలు సుమారు ముప్పావు కిలోమీటరు దూరం సాగుతాయి. పగలు యాత్రికులు తిరుగుతారు, పొద్దువాలితే ఖాళీ. 2011 జూలై దాకా ఇక్కడ టిఫిన్ కొట్లు, పూజాసామగ్రి అంగళ్లు, అద్దె గదులు ఉండేవి. స్తంభాల నడుమ గోడలు పెట్టుకుని ఎన్నో కుటుంబాలు కాపురముండేవి. ఆ నెలాఖర్లో పొక్లెయిన్లు వచ్చాయి. మూడువందలకు పైగా కుటుంబాలు వీధి వదలాల్సి వచ్చింది. పునరావాసం కొన్ని కిలోమీటర్ల అవతల కడ్డిరాంపురలో చూపించారు. గుడికొచ్చే జనం మీద బతికేవాడికి ఆ దూరమే పెద్ద దెబ్బ.

ఆ రాళ్లకు జరిగిన నష్టాన్ని కొట్టిపారేయలేం. శతాబ్దాల నాటి స్తంభానికి సిమెంటు పూసి షట్టర్ బిగిస్తే చూస్తూ ఊరుకోమని ఎవరూ అనరు. కానీ విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాతల్లోనూ రత్నాలు, బట్టలు అమ్మే కిటకిటలాడే వీధులే కనిపిస్తాయి. బజారును కాపాడతామని బేరగాళ్లను పంపేశాక మిగిలింది మంటపాలే.

ఇలాంటి ఊళ్లలో నిత్యజీవితాన్ని శాసించేది 1958 నాటి పురాతన కట్టడాల చట్టం, దానికి 2010లో వచ్చిన సవరణ. కేంద్ర రక్షణలోని కట్టడం హద్దు నుంచి వంద మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో రెండువందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. మొదటి గీత లోపల కొత్త ఇల్లు కట్టకూడదు, ఉన్నదాన్ని పడగొట్టి మళ్లీ కట్టనూ కూడదు. 1992 జూన్ 16కు ముందున్న ఇంటికైతే అనుమతి తీసుకుని మరమ్మతు చేయించుకోవచ్చు. అన్నదమ్ములు వేరుపడి పైన ఒక గది వేసుకోవాలన్నా చట్టం ఒప్పుకోదు. మీరి కడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఒక్కో కట్టడానికి తగ్గ ఉపనిబంధనలు రాయాలని అదే చట్టం చెప్పింది. కేంద్ర రక్షణలో 3,600కు పైగా కట్టడాలుంటే, చాలావాటికి ఆ రాత పని నేటికీ పూర్తికాలేదు. దాంతో మహానగరంలోని సమాధికీ, పల్లెలోని గుడికీ ఒకే కొలత.

హంపికి నది అవతలున్న ఆనెగొంది కథ ఇంకో తీరు. తుంగభద్ర మీద మొదలైన వంతెనలే ప్రధాన కారణంగా 1999లో యునెస్కో హంపిని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. 2006లో తొలగించింది. తిరిగి మొదలైన ఆనెగొంది వంతెన 2009 జనవరిలో పని జరుగుతుండగానే కూలి, కూలీలు చనిపోయారు. జనం మళ్లీ పుట్టి ఎక్కారు. విదేశీ యాత్రికులకు ఆ రోజుల్లో పుట్టి ప్రయాణం సరదా. ఆసుపత్రికి పోవాల్సినవాళ్లకు కాదు.

మన పాలంపేటలోని రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. అక్కడివాళ్లు తమ ఇల్లు గీతకు ఎటువైపు పడుతుందో ఇప్పుడే కొలిపించుకోవడం మంచిది. 1992కు ముందు నుంచీ ఉన్నదని చూపే పాత ఇంటిపన్ను రసీదో, కరెంటు బిల్లో ఉంటే భద్రంగా దాచుకోవాలి. హంపి బజారులో చాలామంది దగ్గర అద్దె కట్టిన గుర్తులున్నాయి గానీ పట్టాల్లేవు. పరిహారం లెక్కకొచ్చేసరికి వాళ్లు ఆక్రమణదారులయ్యారు.