లక్కపై వ్రాసిన స్వరము

తల్లాడ నుండి కొత్తగూడెము మీదుగా భద్రాచలము పోవు త్రోవలో, ఆకురాల్చి నిలువెల్ల కెంపెక్కిన మోదుగు చెట్లను జూచువారికి, గ్రామఫోను చరిత్ర అట్టి చెట్ల కొమ్మలతో ముడివడియున్నదనిన నమ్మశక్యము కాదు. యంత్రము పుట్టినది అమెరికాలోనే. కాని దానికి ఆయువు పోసినది, మోదుగు, రేగు మొదలగు చెట్ల లేగొమ్మల నాశ్రయించి బ్రదుకు లక్కపురుగు తన మేనిచుట్టు స్రవించుకొను జిగురు.

1857లో పారిసు నగరమున స్కాట్ ద మార్టిన్‌విల్ అనునాతడు మసిపట్టిన కాగితముపై ధ్వనితరంగములను గీతలుగా దింపెను గాని, వానిని మరల పలికించు యత్నము చేయలేదు. 1877 డిసెంబరులో ఎడిసన్, తన పనివాడగు జాన్ క్రూసీ చేసి యిచ్చిన స్తంభమునకు తగరపు రేకు చుట్టి, పిడి త్రిప్పుచు ఒక పిల్లల గేయము చెప్పి, దానినే తిరిగి వినెను. మాటకు యంత్రమందలి పలుచని పొర కంపించును. పొరనంటిన ముల్లు రేకును లోతుగనో తేలికగనో నొక్కును. ముల్లు మరల ఆ దారినే నడచినపుడు పొర పలుకును. అయితే నాలుగైదు మారులకే రేకు చినిగెడిది. అటుపిమ్మట వచ్చిన మైనపు స్తంభములు కొంత మేలు; అవియు త్వరగా అరిగెడివి.

1887లో బెర్లినర్ అనునాతడు స్తంభమును విడిచి చదునైన ప్లేటును పట్టి, ముల్లును క్రిందుమీదులుగా గాక ప్రక్కలకు నడిపించెను. ఒక్క లోహపు అచ్చుతో వేలకొలది ప్లేట్లు తీయవచ్చును, కాని దేనిపై? గట్టి రబ్బరు వంగిపోయెను. 1890ల చివర లక్కయే ఆ చిక్కు విప్పినది. వేడికి మెత్తబడి, చల్లారిన రాయియగు లక్కలో రాతిపొడి, నూలుపీచు, దీపపుమసి కలిపిరి. రాతిపొడి ముల్లు నరగదీసి గాడికి అమర్చును. కనుకనే ప్రతి పాటకును క్రొత్త ముల్లు కావలసివచ్చెడిది. ఇట్టి ప్లేటు జాఱిపడిన పెంకువలె ముక్కలగును.

1902లో గ్రామఫోను కంపెనీ ధ్వనిముద్రకుడగు గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గాయని గౌహర్ జాన్ గానమును పట్టుకొనిపోయి జర్మనీలోని హనోవరున అచ్చొత్తించెను. మన లక్క ఓడనెక్కి పోయి, పాటయై, వెల పెంచుకొని తిరిగివచ్చెడిది! 1908 నాటికి గాని కలకత్తాలో కర్మాగారము వెలయలేదు. నిమిషమునకు 78 మారులు తిరుగు పదంగుళముల ప్లేటునకు ఒక ప్రక్క మూడు నిమిషములు మాత్రమే చోటు. వన్సుమోరు కేకల కలవాటుపడి ఒక్క పద్యమునే గంటకొలదిగా సాగదీయు మన రంగస్థల నటులను ఆ గడువు అదుపులో బెట్టినది. అది మేలే యని నా యభిప్రాయము.

రెండవ ప్రపంచయుద్ధమున లక్క రాక తగ్గి, అమెరికాలో పాత ప్లేట్లను పోగుచేసి కరగింపవలసివచ్చెను. 1948లో కొలంబియా కంపెనీ వినైలు ప్లేటును వెలువరించెను. మన దేశమున మాత్రము 1960ల దాకను 78 ప్లేట్లు అచ్చగుచునే యుండెను.