నలుగురి ముందు కొన్న నేల



ఉప్పల్ రింగురోడ్డు దగ్గర వరంగల్ వైపు నుండి వచ్చే బస్సులు ఆగినప్పుడు దిగేవారిని చూడండి. చేతి సంచిలో పొలం అమ్మిన కాగితాలతో, మనసులో పిల్లల భవిష్యత్తుతో వచ్చినవారు కొందరుంటారు. ఒకప్పుడు నాచారం ఫ్యాక్టరీల్లో పనికోసం ఇటు వచ్చేవారు. 2007లో ఉప్పల్ మున్సిపాలిటీ జి.హెచ్.ఎం.సి.లో కలిసింది. 2017 నవంబరులో నాగోలు నుండి మెట్రో రైలు మొదలైంది. ఇప్పుడు గజం స్థలం కోసం వచ్చేవారూ ఎక్కువయ్యారు.

కొన్నేళ్ల క్రితం జనగామ వైపు పల్లెనుండి ఒక తండ్రి వచ్చి, ఎకరం అమ్మిన డబ్బుతో ప్లాటు కొన్నాడు. అమ్మినవాడు కూడా విశ్వాసియే. శంకుస్థాపన రోజున ప్రార్థన చేసింది నేనే. ఆరు నెలలకు తెలిసింది, ఆ ప్లాటు అంతకుముందే వేరొకరికి రిజిస్టరైందని. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుండి ఇ.సి. తీసి చూసి ఉంటే అప్పుడే తెలిసేది. "అయ్యగారూ, మీరు ప్రార్థన చేశారు గదా అని నేనింకేమీ అడగలేదు" అన్నాడాయన. ఆ మాట నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు.

యిర్మీయా 32వ అధ్యాయం అప్పుడు మళ్లీ చదివాను. అనాతోతులోని పొలం కొనుమని దేవుడే ప్రవక్తతో చెప్పాడు. అయినా యిర్మీయా పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు, పత్రం వ్రాయించాడు, ముద్ర వేశాడు, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. ఆ పత్రాలను బారూకు చేత మట్టికుండలో భద్రపరచాడు. అబ్రాహాము మక్పేలా పొలాన్ని నాలుగు వందల తులాలకు కొన్నది ఊరి గవినియొద్ద అందరి ఎదుటనే. బోయజు పదిమంది పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడాడు. దేవుడు చెప్పిన కొనుగోలుకే పత్రమూ సాక్షులూ కావలసివస్తే, మనిషి చెప్పిన కొనుగోలుకు అక్కరలేదా?

అందుకే మా సంఘంలో నెలకొక ఆదివారం సాయంత్రం ఒక కూడిక మొదలుపెట్టాము. స్థలం కొన్నవారు, కొనాలనుకునేవారు, మోసపోయినవారు అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. నియమాలు నాలుగే. ఇక్కడ ఎవరూ ప్లాట్లు అమ్మకూడదు. ఎవరి దగ్గరా డబ్బు వసూలు చేయకూడదు. అనుమతి లేకుండా జనం దగ్గర డిపాజిట్లు సేకరించడాన్ని 2019 చట్టం నిషేధించింది కూడా. నీ దగ్గర ఎంత ఉందని ఎవరినీ అడగకూడదు. క్రొత్తగా వచ్చినవారి ప్రశ్ననే మొదట వినాలి.

ఈ చివరి నియమం చిన్నదిగా కనబడుతుంది గాని కూడికకు ప్రాణం అదే. తెలిసినవారు ఇంగ్లీషు మాటలతో గబగబా మాట్లాడుకుంటే పల్లె తండ్రి చివర కూర్చొని టీ త్రాగి వెళ్లిపోతాడు. అందుకని గుంట అంటే 121 గజాలు, ఎకరానికి నలభై గుంటలు అనే లెక్క దగ్గరనుండి మొదలుపెడతాము. అక్కలను, చెల్లెళ్లను ముందు వరుసలో కూర్చోబెడతాము. స్థలానికి కరిగేది చాలాసార్లు వారి బంగారమే గదా!

తరువాత కాగితాలు చూస్తాము. లింకు డాక్యుమెంట్లు వరుసగా ఉన్నాయా? లేఅవుట్‌కు అనుమతి ఉందా? స్థలం చెరువు హద్దులో పడుతుందా? నోటరీ కాగితం మీదగాని, జి.పి.ఏ. మీదగాని హక్కు బదిలీ కాదు. జి.పి.ఏ. అమ్మకాల విషయం సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు దాటిన లేఅవుట్‌ను రిజిస్టరు చేయించకుండా అమ్మకానికి పెట్టకూడదు. అలాంటి లేఅవుట్‌లో రిజిస్టరైన ఒప్పందం లేకుండా ధరలో పదో వంతుకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు.

ఒకసారి నాచారంలో పనిచేసే ఒక సహోదరుడు, ధర పెరగకముందే అడ్వాన్సు ఇవ్వాలని తొందరగా వచ్చాడు. సర్వే శాఖలో పనిచేసి రిటైరైన ఒక అన్న, "రెరా నెంబరు ఎంత తమ్ముడూ?" అని మెల్లగా అడిగాడు. నెంబరు లేదు. ఆ కుటుంబం డబ్బు దక్కింది. అయితే ఆ స్థలం చూపించినవాడు మా సంఘస్థుడే. నొచ్చుకొని ఆరాధనకు రావడం మానేశాడు. అతని ఇంటికి ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాము. సత్యం చెప్పడం ప్రేమకు విరోధం కాదని అతడు గ్రహించాలని మా ప్రార్థన.

ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకొంటూ పోయేవారికి శ్రమ అని యెషయా హెచ్చరించాడు. కాబట్టి ఈ కూడిక ఆశను పెంచడానికి కాదు, కష్టార్జితాన్ని కాపాడుకోవడానికి. మొదట మోసపోయిన ఆ తండ్రి కేసు ఇంకా కోర్టులోనే ఉంది. అయినా ప్రతి కూడికకూ వస్తాడు. క్రొత్తవారు గుమ్మంలో తటపటాయిస్తుంటే లేచి వెళ్లి చేయి పట్టుకొని లోపలికి తెస్తాడు.

ప్రియులారా, మీ ఊరి సంఘంలోనూ ఇలాంటి చాప ఒకటి పరచండి. కాగితాలు చూడండి, నలుగురిని అడగండి, ఆ తరువాత ప్రార్థనకు మీ పాస్టరుగారిని పిలవండి. నేను మాత్రం ఇప్పుడు శంకుస్థాపనకు పిలిస్తే, బైబిలు తెరవకముందు ఇ.సి. చూపించమంటున్నాను. ఎవరూ తప్పుపట్టలేదు.