ఉప్పెన తీసినా ఉలికిపాటు తీయదు
భయం నెల దాటితే వైద్యుణ్ని సంప్రదించాలి

అవనిగడ్డ: 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10 వేల మంది ప్రాణాలు కోల్పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీర గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. బతికి బయటపడినవారికి బియ్యం, బట్టలు అందాయి. తరువాత ఇళ్లు, తుపాను రక్షిత భవనాలు వెలిశాయి. కళ్ల ముందే అయినవారిని పోగొట్టుకున్న మనసుల సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. ఆ గాయానికి నేడు వాడుకలో ఉన్న వైద్యనామం అప్పటికి పుట్టనేలేదు. మూడేళ్ల తరువాత, 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన వ్యాధి నిర్ధారణ గ్రంథంలో 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్' పేరిట దానికి చోటు కల్పించింది. దీనినే క్లుప్తంగా పీటీఎస్‌డీ అని వ్యవహరిస్తున్నారు. తెలుగులో ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత అనవచ్చు.

నాటి పదేళ్ల పిల్లలు నేడు అరవైకి చేరువయ్యారు. ఉప్పెన ఒక్కటే కాదు, రహదారి ప్రమాదం, అగ్నిప్రమాదం, పడవ మునక, లైంగిక దాడి, ఇంట్లో నిత్యం సాగే హింస... ప్రాణభయం కలిగించే ఏ ఘటనైనా ఈ రుగ్మతకు దారితీయవచ్చు. స్వయంగా గాయపడనవసరం లేదు. ఎదుట నిలిచి చూసినవారికీ, శవాలను వెలికితీసిన సహాయక సిబ్బందికీ ఇది రావచ్చు.

లక్షణాలు ఇవీ...

మొదటిది, జరిగిపోయినది మళ్లీ జరుగుతున్నట్లు అనిపించడం. పీడకలలు వస్తాయి. గాలి హోరు, పెట్రోలు వాసన, బ్రేకు చప్పుడు వంటివి చెవిన, ముక్కున పడగానే మనిషి ఆనాటి క్షణంలోకి వెళ్లిపోతాడు. రెండోది, తప్పించుకు తిరగడం. ఆ దారిన వెళ్లరు, ఆ మాట ఎత్తనివ్వరు. మూడోది, మనసు మొద్దుబారడం. అయినవారిపై ఆపేక్ష తగ్గినట్లు, తప్పంతా తనదేనన్నట్లు తోస్తుంది. నాలుగోది, నిత్యం అప్రమత్తత. నిద్ర పట్టదు, చిన్న అలికిడికే ఉలిక్కిపడతారు, ఊరకనే కోపం ముంచుకొస్తుంది.

పిల్లల్లో ఇది వేరుగా కనిపిస్తుంది. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. తల్లి కొంగు వదలరు. జరిగిన ఘటననే ఆటగా పదేపదే ఆడుతుంటారు.

పిరికితనం కాదు, గాలి సోకడం కాదు

మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే భాగాన్ని అమిగ్డాలా అంటారు. ఈ రుగ్మతలో అది అవసరానికి మించి చురుగ్గా పనిచేస్తుంది. 'అది గతం, ఇప్పుడు ప్రమాదం లేదు' అని సర్దిచెప్పవలసిన భాగాల పట్టు సడలుతుంది. ఫలితంగా ముప్పు లేనప్పుడూ గుండె దడదడలాడుతుంది, చెమటలు పడతాయి. దీనిని గాలి సోకిందనుకొని తాయెత్తులు కట్టిస్తూ, పిరికితనమని ఎగతాళి చేస్తూ కాలం వృథా చేసే కుటుంబాలు ఎన్నో. నిద్ర కోసం సారా సీసాను ఆశ్రయించేవారూ ఉన్నారు. మత్తు దిగాక భయం తగ్గకపోగా కొత్త వ్యసనం తోడవుతుంది.

ఘటనను ఎదుర్కొన్న ప్రతి ఒక్కరికీ ఈ రుగ్మత రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం సుమారు 70 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇటువంటి ఘటనను ఎదుర్కొంటారు. వారిలో రుగ్మత బారిన పడేది 5.6 శాతం మందే. తొలి రోజుల్లో భయం, నిద్రలేమి సహజం. చాలామందిలో కొద్ది వారాలకు అవి తగ్గుముఖం పడతాయి. నెల దాటినా తగ్గక, పనిపాటలకు, సంసారానికి అడ్డుపడుతుంటే మానసిక వైద్యుణ్ని కలవడం అవసరం. ఏళ్లు గడిచినవారికి కూడా చికిత్స ఫలిస్తుంది.

చికిత్స ఎలా?

ఘటన జరిగిన వెంటనే 'ఏం జరిగిందో అంతా చెప్పు' అని బాధితులను గుచ్చి గుచ్చి అడగరాదు. దానివల్ల మేలు జరగదని తేలింది. భద్రమైన చోటు, ఆహారం, అయినవారి తోడు కల్పించి, వారు చెప్పదలచినప్పుడు ఓపికగా వినడమే తొలి సాయం.

రుగ్మత నిర్ధారణ అయ్యాక మాటల ద్వారా చేసే చికిత్సకే ప్రథమ స్థానం. శిక్షణ పొందిన మనస్తత్వ నిపుణుడు రోగిని భయపడే విషయానికి క్రమక్రమంగా చేరువ చేస్తారు. వేటకు వెళ్లడం మానేసిన మత్స్యకారుడినే తీసుకుందాం. మొదట కరకట్ట వరకు, తరువాత ఒడ్డు వరకు, ఆపైన కట్టేసిన పడవలో కాసేపు కూర్చోవడం... ఇలా మెట్టు మెట్టుగా సాగుతుంది. రోగి సమ్మతి లేనిదే ఏ అడుగూ వేయరు.

అవసరమైనవారికి వైద్యులు సెర్‌ట్రలిన్ వంటి మందులు ఇస్తారు. వీటి గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. కాస్త నెమ్మదించగానే సొంతంగా మానేయరాదు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలు ఈ రుగ్మతను నయం చేయవు, పైగా అలవాటుగా మారతాయి.

ఎక్కడికి వెళ్లాలి?

దిగువ, మధ్య ఆదాయ దేశాల్లో ఈ రుగ్మత ఉన్నవారిలో చికిత్స కోరేది నలుగురిలో ఒక్కరేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 'మానసిక వైద్యుడి వద్దకు వెళితే పిచ్చివారంటారు' అన్న జంకే చాలామంది కాళ్లకు బంధం వేస్తోంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ వైద్యసేవ పొందడాన్ని హక్కుగా గుర్తించింది. రోగి వివరాలను వైద్యులు గోప్యంగా ఉంచాలనీ నిర్దేశించింది.

విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల పనిచేస్తోంది. దూరం వెళ్లలేనివారు 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేయవచ్చు. ఇది ఉచితం, రాత్రింబవళ్లు అందుబాటులో ఉంటుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. వైద్యుడి వద్దకు వెళ్లేటప్పుడు ఇంటి మనిషి ఒకరు తోడుండాలి. లక్షణాలు ఎప్పటినుంచి ఉన్నదీ, ఏ మందులు వాడుతున్నదీ రాసుకొని తీసుకెళ్లడం మంచిది.

బతుకుపై విరక్తి మాటలు వినిపిస్తే మాత్రం నెల గడువు కోసం ఎదురుచూడరాదు. ఆ మనిషిని ఒంటరిగా వదలక, పురుగుమందులను అందకుండా దాచి, అదే రోజు ఆసుపత్రికి చేర్చాలి.